పూత మీద పొద్దున్నే మందు కొట్టడం ఆపించండి: జిల్లా వ్యవసాయ అధికారి గారికి బహిరంగ లేఖ

అయ్యా,

మా ఊళ్లో పొద్దుతిరుగుడు పూత మీదుంది. పొద్దున తేనెటీగలు వాలే వేళకే ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగుమందు కొడుతున్నారు. మధ్యాహ్నానికి గట్ల మీద ఈగలు కాళ్లు కొట్టుకుంటూ పడుంటున్నాయి. చూస్తుంటే కడుపు తరుక్కుపోతోంది.

ఈ పంట పుప్పొడి బరువు, జిగట. గాలికి సరిగా ఎగరదు. ఈగ రాకపోతే పువ్వు నడుమ తాలు గింజలే మిగులుతాయి. చేతికి మెత్తని గుడ్డ చుట్టుకుని పువ్వు పువ్వునీ రుద్దాలంటే కూలీలు ఎక్కడ దొరుకుతారు?

ఈ మందును ఆరుబయట పొలాల్లో వాడొద్దని యూరోపియన్ యూనియన్ 2018లోనే నిషేధించింది. మేం అంత అడగట్లేదు. పూత దశలో తప్పనిసరైతేనే, అదీ సాయంత్రం ఈగలు వెళ్లాకే, వాటికి తక్కువ హాని చేసే మందు కొట్టాలని ప్రతి రైతు సేవా కేంద్రంలో బోర్డు పెట్టించండి. పురుగుమందుల డీలర్లకూ గట్టిగా చెప్పండి. ఈ వారంలోనే చేయండి, పూత ఎన్నాళ్లో ఉండదు.

ఇట్లు,
ఒక రైతు