వెనక బ్రేకు ప్యాడ్ల పని తెలుగులో చెప్పాలి

సంపాదకులు గారికి,

నమస్కారం.

సొంత కారుకు వెనక చక్రాల బ్రేకు ప్యాడ్లను ఇంటి దగ్గరే మార్చుకుందామనుకున్న మనిషికి కావలసిన సమాచారం తెలుగులో దొరకకపోవడం గురించి, దానివల్ల అటు డబ్బుకూ ఇటు ప్రాణానికీ వచ్చే చేటు గురించి, మీ పత్రిక ద్వారా నాలుగు మాటలు చెప్పదలచుకున్నాను.

మా కారు కొని ఎనిమిదేళ్ళయింది. నాలుగు చక్రాలకూ డిస్కు బ్రేకులే. అంటే చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్ళాన్ని (డిస్కును) రెండు పక్కల నుంచి రెండు ప్యాడ్లు నొక్కి ఆపుతాయి. మొన్న చలికాలంలో కోరాపుట్ వెళ్ళి సాలూరు ఘాటు దిగి వస్తుండగా, బ్రేకు మీద కాలు పెట్టినప్పుడల్లా వెనక ఎడమ చక్రం దగ్గర కీచుమని సన్నని చప్పుడు మొదలైంది. విజయనగరం చేరాక ఒక షెడ్డుకు తీసుకువెళితే, అక్కడివారు చక్రమైనా విప్పకుండానే వెనక డిస్కులు రెండూ, ప్యాడ్లను పట్టి ఉంచి డిస్కు మీద నొక్కే కాలిపర్లు రెండూ పోయాయని, మొత్తం 18,000 రూపాయలు అవుతుందని చెప్పారు. ఉద్యోగకాలమంతా విద్యుత్ శాఖలో గడిపినవాణ్ణి. లైను చచ్చిందని ఎవరు చెప్పినా ఎర్తు వేసి చూసుకోనిదే తీగ మీద చేయి వేసి ఎరుగను. అందుకని బండి వెనక్కి తెచ్చేసి, ఐటీఐలో మోటారు మెకానిక్ చదివిన మా మేనల్లుణ్ణి ఆదివారం పొద్దున్నే రమ్మన్నాను.

చక్రం విప్పి చూస్తే లోపలివైపు ప్యాడు 2 మిల్లీమీటర్లు కూడా లేదు. బయటివైపుది మాత్రం ఇంకా 6 మిల్లీమీటర్లు ఉంది. కొత్త ప్యాడు మందం సాధారణంగా 10 మిల్లీమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది, 3కు దిగిందంటే మార్చవలసిందే. అయితే ఒకే చక్రంలో రెండు ప్యాడ్లు ఇంత తేడాగా ఎందుకు అరిగాయన్నది అసలు ప్రశ్న. కాలిపర్ అటూ ఇటూ జరగడానికి ఆధారమైన రెండు పిన్నుల్లో కిందిదాని రబ్బరు తొడుగు చిరిగిపోయి, లోపలికి నీరు చేరి, పిన్ను తుప్పుతో బిగుసుకుపోయింది. కాలిపర్ జరగకపోవడంతో, దానిలోంచి ముందుకు వచ్చే పిస్టన్ నేరుగా నొక్కే లోపలి ప్యాడే భారమంతా మోసింది. డిస్కు మందం వెర్నియర్‌తో కొలిచి చూస్తే, దాని మీదే పోతపోసి ఉన్న కనీస మందం కంటే ఎక్కువే ఉంది. అంటే డిస్కులూ పోలేదు, కాలిపర్లూ పోలేదు. పిన్నును శుభ్రం చేసి, రబ్బరు తొడుగు మార్చి, ఆ పిన్నులకు వాడే సిలికాన్ గ్రీజు రాసి, వెనక రెండు చక్రాలకూ కొత్త ప్యాడ్లు వేసుకుంటే అయిన ఖర్చు 2,600 రూపాయలు.

ఇంత చెప్పినవాణ్ణి మేము చేయబోయిన తప్పు దాచడం న్యాయం కాదు. కొత్త ప్యాడ్లు మందంగా ఉంటాయి గనుక, అవి పట్టాలంటే బయటికి వచ్చిన పిస్టన్‌ను లోపలికి పంపాలి. ముందు చక్రాలకు చేసినట్టే, మర తిప్పి నొక్కే సీ క్లాంపు పెట్టి బిగించాం. పిస్టన్ కదలలేదు. ఇంకో చుట్టు బిగించబోతుంటే మా మేనల్లుడు, "ఉండండి మావయ్యా, దీని మొహం మీద గాట్లున్నాయి, ఇది తిప్పేది" అని నా చేయి పట్టుకున్నాడు. హ్యాండ్‌బ్రేకు తీగ నేరుగా వెనక కాలిపర్‌కే వచ్చి కలిసే బండ్లలో పిస్టన్ లోపల మర ఉంటుంది. దాన్ని తిప్పుతూ నొక్కితేనే లోపలికి పోతుంది. చాలా బండ్లలో కుడివైపుకు తిప్పాలి, కొన్నిటిలో ఒక పక్క చక్రానికి ఎడమవైపుకు తిప్పాలి. బలవంతంగా నొక్కితే లోపలి మర దెబ్బతిని, షెడ్డువారు చెప్పినట్టు కాలిపర్ నిజంగానే పోతుంది. లోపలికి పంపాక కూడా, ప్యాడు వెనకనున్న చిన్న బొడిపె పిస్టన్ గాటులో కూర్చునేలా సరిచూసుకోవాలి. బండితో ఇచ్చిన ఇంగ్లీషు పుస్తకంలో పాటల పెట్టెకు ఫోన్ కలపడం గురించి పేజీలకు పేజీలున్నాయి, ఈ పిస్టన్ గురించి ఒక్క మాట లేదు.

ఇప్పుడు వస్తున్న బండ్లలో ఇంకో చిక్కు ఉంది. హ్యాండ్‌బ్రేకు కడ్డీ పోయి, దాని స్థానంలో మీట వచ్చింది. కాలిపర్‌ను ఆనుకుని ఒక చిన్న మోటారు ఉంటుంది. ఆ మోటారును ముందుగా సర్వీసు స్థితికి వెనక్కి తిప్పించకుండా పిస్టన్ మీద చేయి వేయకూడదు. దానికి కొన్నిటికి కంపెనీ పరికరం కావాలి, కొన్నిటికి తాళం, మీట, పెడలు ఒక వరుసలో నొక్కితే చాలు. ఆ వరుసేమిటో కొన్నవాడికి చెప్పకుండా దాచుకోవడంలో భద్రత ఏముందో నాకు అర్థం కాదు.

బ్రేకుల పని ఇళ్ళలో చేసేది కాదని కొందరు అంటారు. ఆ భయం ఊరికే వచ్చింది కాదు. మా వీధిలోనే ఇటుకలు పేర్చి, వాటి మీద బండి నిలిపి, కిందికి దూరినవారిని చూశాను. వెనక చక్రాల పనికి హ్యాండ్‌బ్రేకు వదిలేయవలసి వస్తుంది గనుక, ముందు చక్రాలకు రెండువైపులా దిమ్మలు పెట్టి, గేరులో ఉంచి, జాకీతో లేపాక గట్టి స్టాండు మీద బరువు దించితే తప్ప ఈ పని మొదలుపెట్టనే కూడదు. విప్పిన కాలిపర్‌ను బ్రేకు గొట్టానికి వేలాడనివ్వకుండా తీగతో కట్టుకోవాలి. ప్యాడ్ల పొడిని నోటితో గాని గాలి పంపుతో గాని ఊదకుండా తడిగుడ్డతో తుడవాలి. అది ఊపిరితిత్తుల్లోకి పోకూడని దుమ్ము. అన్నిటికంటే ముఖ్యం, పని అయ్యాక బండి కదిలించేముందు పెడలు గట్టిపడేదాకా పలుమార్లు తొక్కాలి. మొదటిసారి తొక్కినప్పుడు అది నేల దాకా పోతుంది. ఆ సంగతి తెలియనివాడు గేటు దాటి వీధిలోకి వెళ్ళాక తెలుసుకుంటాడు. సొంత చేత్తో చేసుకోవడం కంటే తెలియకుండా చేయడం ప్రమాదం గనుకనే ఇవన్నీ తెలుగులో అచ్చుకావాలంటున్నాను.

కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ కొన్న వస్తువును బాగుచేసుకోవడానికి కావలసిన సమాచారం ఒకచోట దొరికేలా 2022 డిసెంబరు 24న మరమ్మతు హక్కు పోర్టల్‌ను ప్రారంభించింది. అందులో చేర్చిన నాలుగు రంగాల్లో వాహనాలు ఒకటి. బ్రేకులు, టైర్లు, బల్బుల వంటి అరిగిపోయే భాగాల మరమ్మతు పద్ధతిని, విడిభాగాల సంఖ్యలను, ధరలను ప్రాంతీయ భాషల్లో ఇవ్వడం కంపెనీల బాధ్యతగా మారాలి. మన ఎంపీలు ఈ విషయం పార్లమెంటులో అడగాలని కోరుతున్నాను.

జిల్లా స్థాయిలో చేయదగినవీ ఉన్నాయి. నేను ప్యాడ్ల కోసం తిరిగినప్పుడు ఒక దుకాణంలో తయారీదారు పేరు లేని, ధర లేని ప్లాస్టిక్ సంచిలో పెట్టి "కంపెనీదే" అని ఇవ్వబోయారు. ప్యాక్ చేసి అమ్మే సరుకు మీద తయారీదారు చిరునామా, నెల, సంవత్సరం, గరిష్ఠ ధర ఉండాలని 2011 నాటి తూనికలు కొలతల ప్యాకేజీ నిబంధనలు చెబుతున్నాయి. పప్పులూ నూనెలూ తనిఖీ చేసే అధికారులు ఏడాదికోసారైనా విడిభాగాల దుకాణాల వైపు కూడా రావాలి. కొనేవారు కూడా బిల్లు అడగాలి, ఇవ్వకపోతే జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915కు ఫోన్ చేయాలి.

షెడ్డు మెకానిక్‌ల మీద నాకు కోపం లేదు. ఎండలో నూనె మరకల మధ్య నిజాయతీగా పనిచేసేవారే ఎక్కువమంది. సాలూరు లారీలు ఆ ఘాటులో రాత్రీ పగలూ తిరుగుతున్నాయంటే వారి చేతి చలవే. ప్యాడు మార్చినప్పుడు పాతవాటిని యజమాని చేతికిచ్చి, వాటి మందాన్ని, డిస్కు మందాన్ని బిల్లు మీద మిల్లీమీటర్లలో రాయడం ఆనవాయితీ అయితే, వారి మాటకు విలువ పెరుగుతుందే గాని తగ్గదు. అలాగే మన ఐటీఐలలో నెలకొక శనివారం మధ్యాహ్నం, బండి యజమానుల ముందు ఒక చక్రం విప్పి, పిస్టన్ ఏవైపు తిరుగుతుందో చూపించే ఏర్పాటు జిల్లా అధికారులు చేయాలని మనవి. స్టాండ్లు, పనిముట్లు, నేర్పేవారు అక్కడే ఉన్నారు. చూడడానికి మొదటి శనివారమే నేను వస్తాను, మా మేనల్లుణ్ణీ వెంటబెట్టుకొస్తాను.

ఇట్లు,
విద్యుత్ శాఖ విశ్రాంత ఉద్యోగి,
కంటోన్మెంట్, విజయనగరం.