ఉద్దానం కిడ్నీ రోగుల కడుపు, నిద్ర కూడా కేస్ షీటులోకి ఎక్కాలి

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. హిరమండలం జలాశయం నీటిని, కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న మా శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ఊళ్లకు తెచ్చే పథకం వచ్చింది, డయాలసిస్ రోగులకు నెలకు 10,000 రూపాయల పింఛను ఇస్తున్నారు. వీటి విలువ మాకు తెలుసు. అయితే కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు మండలాల్లో ఏ రోగిని పలకరించినా క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు చెప్పే రక్తపరీక్ష) అంకె కన్నా ముందు చెప్పుకునేవి రెండే బాధలు: కడుపు సాఫీగా లేదు, రాత్రి నిద్ర పట్టదు.

డయాలసిస్‌లో ఉన్నవారు నీళ్లు కొలుచుకుని తాగాలి. పొటాషియం పెరుగుతుందని పండ్లు, ఆకుకూరలు తగ్గించమంటారు. కొబ్బరి తోటల మధ్య పుట్టి పెరిగినవారికి కొబ్బరి నీళ్లే నిషిద్ధం. వీటికి తోడు ఫాస్ఫరస్‌ను అదుపు చేసే మాత్రలు, ఐరన్ మాత్రలు మింగుతుంటే మలబద్ధకం రాకుండా ఎలా ఉంటుంది? ఇది ఓర్చుకుంటే పోయే చిన్న ఇబ్బంది కాదు. మూత్రపిండాలు చేయలేని పనిలో కొంత పెద్దపేగు తన మీద వేసుకుని పొటాషియాన్ని బయటికి పంపుతుంది కనుక, అదీ మొరాయిస్తే గుండె లయకే ముప్పు రావచ్చు. రోగి మాత్రం ఊళ్లోని మందుల దుకాణంలో అడిగి, మెగ్నీషియం ఉన్న విరేచనాల మందో, గ్యాస్ సిరప్పో తెచ్చుకుంటాడు. కిడ్నీ చెడినవారి ఒంట్లో ఆ మెగ్నీషియం పేరుకుపోతుందని అతనికి చెప్పేవారెవరు?

నిద్ర సంగతీ అంతే. ఒకరికి ఒళ్లంతా దురద, ఒకరికి కాళ్లు కదపకుండా ఉండలేని లాగుడు, ఇంకొకరికి పడుకోగానే ఛాతీలో మంట, మరొకరికి నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం. కాళ్ల లాగుడుకు కొందరిలో ఐరన్ లోపమే కారణం, దానికి చికిత్స ఉంది. కారణం వెతకకుండా నిద్రమాత్ర రాసివ్వడం వైద్యం అనిపించుకోదు. డయాలసిస్ మంచం మీద పగలు తీసే కునుకు కూడా రాత్రి నిద్రను తినేస్తుంది. దాన్ని బద్ధకమని ఇంట్లోవాళ్లు విసుక్కోవడం మరీ అన్యాయం.

అందుకని, ప్రతి డయాలసిస్ కేంద్రంలోనూ నెలకొకసారైనా విరేచనం, నిద్ర ఎలా ఉన్నాయో అడిగి కేస్ షీటులో రాయాలని ఆదేశించండి. మన గంజి, చేపల పులుసు, కూరగాయల లెక్క తెలిసిన ఆహార నిపుణులను ఈ కేంద్రాలకు పంపండి. మలబద్ధకానికి వాడే లాక్టులోజ్ వంటి మందులను ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగా అందుబాటులో ఉంచి, కిడ్నీ రోగులకు ఇవ్వకూడని మందుల పట్టికను అక్కడి సిబ్బందికీ, మందుల దుకాణాలకూ తెలుగులో పంపించండి. వీటికి కొత్త భవనాలు అక్కర్లేదు. సోంపేట, పలాస కేంద్రాలతో మొదలుపెట్టి, ఆ నమోదులను పలాస పరిశోధన కేంద్రానికి అందేలా చూడవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఉద్దానం ప్రాంతవాసి