గురుడి పోస్టర్లు ఇక వేయడం లేదు, ఎందుకో చెబుతాను

మా దగ్గర గ్రహాల ఫొటోలు కొన్నవాళ్లకీ, ఆర్డరిచ్చి ఎదురుచూస్తున్నవాళ్లకీ నమస్కారం. మొహమాటం లేకుండా ముందే చెప్పేస్తాను. ఇకమీదట గ్రహాల ప్రింట్లు ఏ4 సైజు దాటి వేయం. పెద్ద సైజుకి ఇప్పటికే డబ్బు కట్టినవాళ్లు ఏ4కి మార్చుకుంటే తేడా వెనక్కి ఇస్తాం, వద్దనుకుంటే మొత్తం ఇచ్చేస్తాం.

పెరట్లో ఉన్నది ఎనిమిది అంగుళాల అద్దమున్న టెలిస్కోపు. అంత అద్దానికి, గాలి ఎంత నిలకడగా ఉన్నా, సుమారు 0.58 ఆర్క్ సెకన్ల కంటే సన్నటి వివరం విడిగా కనబడదు. (ఆర్క్ సెకను అంటే ఆకాశంలో వెడల్పుల్ని కొలిచే కోణం, డిగ్రీలో 3,600వ వంతు.) గురుడు మనకి బాగా దగ్గరికి వచ్చినప్పుడు ఆకాశంలో కనబడే వెడల్పు 45 ఆర్క్ సెకన్ల చిల్లర. భాగించి చూడండి, ఈ అంచు నుంచి ఆ అంచుకి ఉన్న వివరాలు ఎనభైకి అటూ ఇటూ. కెమెరాలో ఆ బింబం మూడు నాలుగు వందల పిక్సెళ్లు పడుతుంది, కానీ పిక్సెళ్లు పెరిగితే వివరం పెరగదు కదా. నాలుగు వందల పిక్సెళ్లని అంగుళానికి 300 చొప్పున అచ్చేస్తే వచ్చేది అంగుళంన్నర కూడా లేని బొమ్మ. దాన్నే మేం నాలుగంగుళాల దాకా పెంచి, చుట్టూ నలుపు వదిలి ఏ4 మీద వేస్తున్నాం. చేతిలో పట్టుకుని చూస్తే బాగుంటుంది. మూడడుగులకి పెంచితే అలుక్కుపోయిన రంగులు తప్ప ఏమీ మిగలదు. ఫోన్లో కనబడే హబుల్ అంతరిక్ష టెలిస్కోపు ఫొటోల సంగతి వేరు. దాని అద్దం 2.4 మీటర్లు, పైగా అది ఉన్నది వాతావరణానికి పైన.

"ఏఐతో పెంచి ఇవ్వొచ్చు కదా" అని చాలామంది అడిగారు. చేసి చూశాను. మేఘాల పట్టీల అంచున చక్కటి మెలికలు వచ్చాయి, చూడ్డానికి ముచ్చటగానే ఉన్నాయి. అదే రాత్రి పావుగంట తర్వాత తీసిన వీడియోని అదే ప్రోగ్రాంకి ఇస్తే మెలికలు ఇంకోచోట, ఇంకో ఆకారంలో వచ్చాయి. గురుడు తిరగడం వల్ల జరగాల్సిన జరుగుడు పోను, పావుగంటలో మేఘాలు అలా మారిపోవు. అవి ఆ ప్రోగ్రాం అల్లిన మెలికలు. అలాంటివి అమ్మడం నాకిష్టం లేదు.

అలాగని కెమెరా ఇచ్చింది ఇచ్చినట్టు పంపుతున్నామనీ కాదు. మేం ఫొటో తీయం, వీడియో తీస్తాం. సెకనుకి వంద ఫ్రేములు చొప్పున రెండు నిమిషాలంటే పన్నెండు వేల ఫ్రేములు. గాలి కదులుతున్నంతసేపూ గ్రహం పారే నీళ్ల అడుగున గులకరాయిలా వణుకుతుంది, అప్పుడప్పుడు క్షణం పాటు నిలుస్తుంది. ఆటోస్టాకర్ట్ లాంటి సాఫ్ట్‌వేర్ ఆ నిలిచిన ఫ్రేములని ఏరి, ఒకదాని మీద ఒకటి పేర్చి సగటు తీస్తుంది. రెండు నిమిషాలే ఎందుకంటే, గురుడు తన చుట్టూ తాను తిరగడానికి పది గంటలు కూడా తీసుకోడు. బింబం మధ్యలో ఉన్న మచ్చ నిమిషానికి పావు ఆర్క్ సెకను జరుగుతుంది. రెండు నిమిషాలు దాటితే మా అద్దం పట్టగలిగే హద్దు మీరి ఆ మచ్చ సాగిపోతుంది. పేర్చాక షార్పెనింగ్, అంటే మసకబారిన వివరాలకి పదును పెట్టడం, చేస్తాం, అది లేకుండా గ్రహాల ఫొటోనే లేదు. కానీ ఎక్కువైతే తెలిసిపోతుంది. కుజుడి వెలుగు అంచుకి కాస్త లోపల, అంచుతో పాటే వంగిన సన్నటి గీత ఒకటి మొదలవుతుంది. అది కుజుడి మీద లేదు, టెలిస్కోపులో కాంతి వంగడం వల్ల పుట్టింది. ఆ గీత కనబడగానే షార్పెనింగ్ తగ్గిస్తాను. అందుకే మా ప్రింట్లు కొన్ని "కొంచెం మెత్తగా" ఉంటాయి.

ఇక శని. ప్రింట్ అందగానే "వలయాలేవి?" అని మెసేజ్‌లు పెట్టారు. ఫొటోలో లోపం లేదు. శని సూర్యుడి చుట్టూ తిరగడానికి 29 ఏళ్లు దాటి పడుతుంది, అందులో రెండు దఫాలు వలయాల అంచు మనవైపు తిరుగుతుంది. చాలాచోట్ల వాటి మందం పదుల మీటర్లే కాబట్టి అప్పుడు దాదాపు మాయమవుతాయి. 1612లో గెలీలియో అంతటివాడే తికమకపడ్డాడు. ఈసారి 2025 మార్చి 23న జరిగింది, కాకపోతే శని అప్పుడు సూర్యుడి పక్కన ఉండడంతో తీయడానికి వీల్లేకపోయింది. నవంబరులో మనవైపు వలయాల వాలు మళ్లీ అర డిగ్రీ దాకా తగ్గింది. మీకు పంపినవి ఆ నెలలో తీసినవే. బింబం మీద అడ్డంగా ఉన్న నల్లటి గీత వలయాల నీడ. నిజం చెప్పాలంటే మా దగ్గరున్న వాటిలో నాకు ఎక్కువ నచ్చింది ఆ ఫొటోనే, కానీ కొనేవాళ్ల బాధ అర్థమవుతుంది. విప్పారిన వలయాలు కావాలంటే 2017లో తీసింది ఉంది, అప్పుడు వాలు 27 డిగ్రీలకి దగ్గర. దానితో మార్చి పంపుతాం. కొత్తగా తీసినదే కావాలంటే వలయాలు ఏటా కొంచెం కొంచెంగా విచ్చుకుంటాయి, పూర్తిగా విప్పారేది 2032కి.

"మా పాప పుట్టినరోజు రాత్రి తీసిన గురుడు కావాలి" అనే ఆర్డర్లకి ముందు డబ్బు తీసుకోవడం మానేస్తున్నాం. ఆ రాత్రి మబ్బు పట్టొచ్చు, గ్రహం సూర్యుడి వెనక ఉండొచ్చు, పెద్ద ఎర్రమచ్చ అవతలి వైపుండొచ్చు. తేదీ రాసుకుంటాం, ఫొటో కుదిరితే చూపిస్తాం, నచ్చితేనే కొనండి. ప్రతి ప్రింట్ వెనక తేదీ, టైము ఎప్పటిలాగే ఉంటాయి.

గోడకి పెద్దది కావాలంటే చంద్రుణ్ని తీసుకోండి. ఆకాశంలో చంద్రుడి వెడల్పు సుమారు 1,800 ఆర్క్ సెకన్లు, అంటే గురుడికి నలభై రెట్లు. ముక్కలుముక్కలుగా తీసి అతికిస్తే మూడడుగుల ప్రింట్లో కూడా గుంటల అంచులు తేటగా కనబడతాయి.

కుజుడి కోసం పేరు రాయించుకున్నవాళ్లకి ఒక మాట. కుజుడు దగ్గరికొచ్చేది 2027 ఫిబ్రవరిలో, అప్పుడూ దాని వెడల్పు 14 ఆర్క్ సెకన్ల లోపే. 2018లో అది 24 దాటింది. అంత పెద్ద కుజుడు మళ్లీ 2035లోనే. 2027 ఫొటోలు పోస్ట్‌కార్డు సైజులో మాత్రమే వేస్తాం, దానికి సరేనన్నవాళ్లు మాకు తెలియజేయండి, మిగతావాళ్ల పేర్లు 2035కి అట్టే పెడతాను.