రేడియేటర్ కింద పెరుగు డబ్బా

ఏరా కొత్త ఇంటి యజమానీ,

ఫోటో చూశాను. గది వెచ్చబెట్టే రేడియేటర్ పై మూల కారుతుంటే దాని కింద ఖాళీ పెరుగు డబ్బా పెట్టి, నిండినప్పుడల్లా పారబోసుకుంటూ కూర్చున్నావన్నమాట. ఇంగ్లండులోని లీడ్స్‌లో పాతకాలపు టెర్రస్ ఇల్లు, అదే పక్కిళ్లతో గోడలు కలిసిన వరుస ఇల్లు, కొన్నానని దీపావళికి అంత గొప్పగా చెప్పావు, ఆ పాతకాలం ఇప్పుడు చుక్కచుక్కగా బయటపడుతోంది! ప్లంబరు వచ్చే వారం దాకా రాలేనన్నాడని వాపోయావు. జనవరిలో ఈ దేశంలో ఏ ప్లంబరైనా అదే మాట అంటాడు. ఈ పనికి అతను అక్కర్లేదు కూడా. నీళ్లు కాచే గ్యాస్ బాయిలర్ పెట్టె విప్పాలంటే మాత్రం గ్యాస్ పని చేసేవాళ్ల అధికారిక జాబితా, గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో నమోదైన మనిషే రావాలి, దాని జోలికి నువ్వు పోవద్దు. రేడియేటర్లో తిరిగేవి నీళ్లే కాబట్టి ఇక్కడ నీ చెయ్యి పెట్టవచ్చు.

పానా పట్టుకునే ముందు నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో తేల్చుకో. ఆ మూలంతా గుడ్డతో పొడిగా తుడిచి, టిష్యూ కాగితం ముక్కతో ఒక్కోచోటే అద్ది చూడు. మధ్యలో చిన్న చదరపు మొన ఉన్న శీల కనిపిస్తుంది కదా, గాలి తీసే తాళం చెవి పెట్టేది, కాగితం అక్కడ తడిస్తే ఆ శీల కొస అరిగిందని లెక్క. ముందు తాళం చెవితో సున్నితంగా బిగించి చూడు. సున్నితంగా అంటే సున్నితంగానే, హాస్టల్లో కుళాయిలు తిప్పినట్టు తిప్పితే ఆ ఇత్తడి మొన గుండ్రంగా అరిగిపోయి ఇక తాళం చెవి పట్టదు. శీల చుట్టూ ఉన్న పెద్ద బిరడాకూ రేడియేటర్‌కూ మధ్య తడిస్తే బిరడా మరల (థ్రెడ్ల) దగ్గర కారుతోందన్నమాట. నీ ఫోటోలో పచ్చటి చిలుము సరిగ్గా అక్కడే పట్టి ఉంది, నా అనుమానం కూడా దాని మీదే.

మూడో చోటు ఒకటుంది, అది నువ్వు చూడకూడదని కోరుకుంటున్నాను. రేడియేటర్ రేకుల అతుకు దగ్గర రంగు బుడగలా ఉబ్బి, కింద గోధుమరంగు తుప్పు కనిపిస్తే శీల, బిరడా మార్చి లాభం లేదు. రేకు లోపలి నుంచి తినేసిందన్నమాట. అప్పుడు రేడియేటరే మార్చాలి.

బిరడా దగ్గరే అని తేలితే మొత్తం బిరడానే మార్చెయ్యి, శీల ఒక్కటీ మార్చే ఆలోచన పెట్టుకోకు. ఇక్కడి రేడియేటర్లకు మామూలుగా అరంగుళం మరలుంటాయి, శీలతో సహా కొత్త బిరడా కొన్ని పౌండ్లకే దొరుకుతుంది. కొన్ని పాత రేడియేటర్లలో మాత్రం ఆ భాగాన్ని రేకుకే అతికేసి ఉంటారు, శీల తప్ప ఏదీ ఊడిరాదు. పానా పట్టడానికి పలకలు కనిపించకపోతే బలప్రయోగం చెయ్యకుండా నాకు ఇంకో ఫోటో పంపు.

ఇక అసలు పని. హీటింగ్ ఆపి రేడియేటర్ చల్లారనివ్వు. కింద రెండు వైపులా రెండు వాల్వులుంటాయి. ఒకవైపు అంకెలున్నది, మనం రోజూ తిప్పేది. దాన్ని సున్నాకు తిప్పు. సున్నా లేకుండా మంచు గుర్తు మాత్రమే ఉంటే జాగ్రత్త, గది బాగా చల్లబడితే గొట్టాలు గడ్డకట్టకుండా అది తనంతట తానే తెరుచుకుంటుంది. రెండోవైపు తెల్ల టోపీ పెట్టుకున్న లాక్‌షీల్డ్ వాల్వు. టోపీ తీసి, పానాతో సవ్యదిశలో తిప్పుతూ మూసెయ్యి. ఎన్ని చుట్లకు మూసుకుందో గోడ మీదైనా సరే రాసిపెట్టుకో. ఇంట్లో అన్ని గదులకూ వేడి సమానంగా అందేలా ఎవరో ఒకప్పుడు దాన్ని సరిచేసి ఉంటారు, తిరిగి అన్ని చుట్లే తెరవాలి.

ఇప్పుడొక పరీక్ష, దీన్ని మాత్రం ఎంత తొందరలో ఉన్నా దాటెయ్యకు. శీలను తాళం చెవితో కొంచెం వదులు చెయ్యి. కాసిన్ని నీళ్లు చిమ్మి, ఒత్తిడి తగ్గి ఆగిపోవాలి. ఆగకుండా వస్తూనే ఉంటే కింది వాల్వుల్లో ఏదో ఒకటి సరిగా మూసుకోలేదు. శీల మళ్లీ బిగించి పని అక్కడితో ఆపెయ్యి. అలాంటప్పుడు బిరడా ఊడదీస్తే ఇంట్లో ఉన్న హీటింగ్ నీళ్లలో సగం హాల్లోకి వస్తాయి.

ఆగిందా, మంచిది. లాక్‌షీల్డ్ దగ్గర గొట్టాన్ని రేడియేటర్‌కు కలిపే పెద్ద నట్టు కింద వెడల్పాటి ట్రే పెట్టి, వాల్వును ఒక పానాతో కదలకుండా పట్టుకుని, ఇంకో పానాతో నట్టు కొద్దిగా వదులు చెయ్యి. ఒకటి రెండు లీటర్లు వచ్చాక బిగించెయ్యి. లోపలి మట్టం బిరడా కంటే కిందికి దిగుతుంది కాబట్టి పైన ఊడదీసినప్పుడు చుక్క కూడా రాదు. ఆ వచ్చే నీళ్లు కాటుక కలిపినట్టు ఉంటాయి, భయపడకు. చెల్లెమ్మ ఎంచుకున్న లేత రంగు కార్పెట్ మీద పడితే మాత్రం నిజంగానే భయపడు, ఆ మరక పోవడం కల్ల. పాత తువ్వాళ్లు, వాటి కింద ప్లాస్టిక్ కవర్లు ముందే పరిచిపెట్టు.

ఆ నలుపే అసలు విషయం. ఆక్సిజన్ తక్కువగా ఉన్న నీళ్లలో ఉక్కు తుప్పు పడితే ఎర్రగా కాకుండా మాగ్నటైట్ అనే నల్లటి బురదగా మారుతుంది, దాంతో పాటు హైడ్రోజన్ కూడా పుడుతుంది. అందుకే గాలి తీస్తున్నామనుకుని మనం శీల తిప్పినప్పుడు వచ్చేది కొన్నిసార్లు గాలి కాదు. ఆ సమయంలో దగ్గర్లో కొవ్వొత్తి, సిగరెట్ లాంటివి ఉంచకు. నువ్వు కారనిచ్చిన నీళ్ల స్థానంలో బాయిలర్ కింది నుంచి కొత్త నీళ్లు నింపుతున్నావు కదా, వాటితో పాటు తాజా ఆక్సిజన్ కూడా లోపలికి పోతోంది. డబ్బాలో పడిన నీళ్ల కంటే వాటికి బదులు నువ్వు పోసిన నీళ్లే ఎక్కువ చెరుపు చేస్తున్నాయిరా. అందుకే వచ్చే వారం దాకా ఆగొద్దంటున్నాను.

బిరడా చుట్టూ రంగు అతుక్కుని ఉంటే బ్లేడుతో గీరి, అపసవ్యదిశలో తిప్పు. కదలకపోతే తుప్పు వదిలించే నూనె కొట్టి, ఒక కాఫీ తాగిరా. ఊడొచ్చాక రేడియేటర్ లోపలి మరల్ని పాత పళ్లబ్రష్‌తో శుభ్రం చెయ్యి. కొత్త బిరడాకు నల్ల రబ్బరు రింగు ఉంటే అదే చాలు. లేకపోతే తెల్లటి టెఫ్లాన్ టేపు. మరల కొస నీవైపు పెట్టుకుని సవ్యదిశలో చుట్టాలి, ఎదురు చుడితే బిగించేటప్పుడు ఊడి పోగవుతుంది. మన ఊళ్లో సఫేదా పూసి దారం చుట్టేవారు, ఆ సంబరం ఇక్కడ లేదు.

బిగించే ముందు ఇంకో మాట. ఆ కన్నం తెరిచి ఉండగానే చిన్న గరాటుతో తుప్పును అడ్డుకునే మందు పోసెయ్యి. ఫెర్నాక్స్ ఎఫ్1 గానీ సెంటినెల్ ఎక్స్100 గానీ, ఏదైనా పర్వాలేదు. సీసా మీద రాసిన లెక్క నీ ఇంటికి సరిపోతుందో లేదో చూసుకుని కొను. సీసాలో ఎంత ఉందో అంతకు మించి కింద నీళ్లు తీసి ఉంటే హాయిగా పడుతుంది. కొందరు దీనికోసం మొత్తం నీళ్లన్నీ ఖాళీ చేస్తారు, అంత ఓపిక నీకు లేదని నాకు తెలుసు.

తర్వాత లాక్‌షీల్డ్ రాసుకున్నన్ని చుట్లు తెరువు, అంకెల వాల్వు తెరువు, శీల వదులు చేసి సన్నగా నీళ్లు వచ్చేదాకా గాలి పోనిచ్చి బిగించు. నీ బాయిలర్ కింద ఒత్తిడి చూపే ముల్లున్న మీటరు ఉందన్నావు కాబట్టి అటక మీద తొట్టి ఉండే రకం కాదు. మీటరు తగ్గి ఉంటుంది. కొత్త నీళ్లు నింపే, వెండి అల్లికలా కనిపించే గొట్టం దగ్గరి రెండు కుళాయిలు తెరిచి, చల్లగా ఉన్నప్పుడు 1 నుంచి 1.5 బార్ మధ్యకు తెచ్చి, రెండూ గట్టిగా మూసెయ్యి. మూయడం మరిస్తే ఒత్తిడి పెరిగి 3 బార్ దగ్గర భద్రతా వాల్వు నీళ్లను బయట గోడ మీదికి వదులుతుంది.

హీటింగ్ వేసి వేడెక్కాక ఒకసారి, మర్నాడు పొద్దున చల్లబడ్డాక ఒకసారి ఆ టిష్యూ కాగితం అద్ది చూడు. వేడికి మరలు సాగి తగ్గి సర్దుకుంటాయి, కొద్దిగా బిగించాల్సి రావచ్చు.

శనివారం పొద్దున్నే మొదలుపెట్టు. ఆదివారం సాయంత్రం బిరడా ఊడదీశాక కొత్తది పట్టలేదని తెలిస్తే ఎక్కడా దొరకదు, పెద్ద దుకాణాలన్నీ పెందరాళే మూసేస్తారు. ఆ నట్టు విప్పే ముందు అవసరమైతే వీడియో కాల్ చెయ్యి, నేను ఇంట్లోనే ఉంటాను. అమ్మ పంపిన గోంగూర పచ్చడిలో నీ వాటా పక్కన పెట్టాను, వచ్చే నెల వచ్చేటప్పుడు తెస్తాను.

నీ
పాత రూమ్మేటు