కార్యదర్శి వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

సంఘం ఆశయాలు మీకు తెలిసినవే, మళ్ళీ చెప్పి విసిగించను. ఈ ఏడాది కార్యవర్గం నాలుగుసార్లు సమావేశమైంది. నాలుగింటికీ వచ్చినవాళ్ళం ఐదుగురం. ఆదివారం కంప్యూటర్ తరగతులు రెండు నెలలు ఆగాయి. ఎందుకో పాఠాలు చెబుతామని పేర్లిచ్చినవారికే తెలియాలి.

గర్వంగా చెప్పుకోవలసింది జూన్ 13న, కంప్యూటర్ శాస్త్రవేత్త ప్రొఫెసర్ రాజ్ రెడ్డి గారి పుట్టినరోజున చేసిన సభ. 1937లో చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన ఆయన మద్రాసు గిండీ కాలేజీలో చదివింది సివిల్ ఇంజనీరింగ్. ఆ మాట వినగానే ముందు వరుసలో ఓ తండ్రి కొడుకు వైపు తిరిగి చూశారు, ఎందుకో మరి! సిడ్నీలో ఎం.టెక్., 1966లో స్టాన్‌ఫర్డ్‌లో పీహెచ్‌డీ, 1969 నుంచి అమెరికాలోనే కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం. 1979లో అక్కడి రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్‌కు తొలి డైరెక్టరు. 1994లో మరో కంప్యూటర్ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి, కంప్యూటర్ రంగంలో అతి పెద్దదైన ట్యూరింగ్ అవార్డు. ఇవన్నీ గోడకు అంటించాం, అందరూ ఫోటోలు తీసుకుని వెళ్ళారు.

నాకు నచ్చింది నల్లబల్ల ఆట. మనిషి మాటను కంప్యూటర్ గుర్తుపట్టేందుకు ఆయన బృందం తయారుచేసిన ‘హియర్‌సే’ ఎలా పనిచేసేదో పిల్లలచేత ఆడించాం. ఒకరికి శబ్దాలే తెలుసు, ఒకరికి మాటలు, ఇంకొకరికి చదరంగం నియమాలు. ఎవరూ ఒకరితో ఒకరు మాట్లాడకూడదు, తోచింది బల్ల మీదే రాయాలి. ఫ్యాను చప్పుడులో ‘బం...’ అని వినిపించింది. శబ్దాల పిల్లాడు ‘బం’ రాశాడు. మాటల పిల్ల బంతి, బండ, బంటు అని కింద రాసింది. చదరంగం పాప సుద్దముక్క అందుకుని రెండు మాటలు కొట్టేసి, బంటు చుట్టూ సున్నా చుట్టింది. అసలు యంత్రం కూడా మొదట చదరంగం ఎత్తులనే విని గుర్తుపట్టేది. తర్వాత అక్కడే వచ్చిన ‘హార్పీ’కి 1011 మాటలు తెలుసని చెబితే పిల్లలు నవ్వారు, వాళ్ళ ఫోను అంతకన్నా ఎక్కువ వింటుంది కదా. 1976లో అది చిన్న సంగతి కాదు.

ఆయన గురుత్వం గురించి ఒక్క మాట. శిష్యుడు కై-ఫు లీ మాటను గుర్తుపట్టించడానికి నియమాలు కాక గణాంకాల దారి పడతానంటే, అది తన దారి కాకపోయినా అడ్డు చెప్పక అండగా నిలిచారు. మన దగ్గర పాఠాలు చెప్పేవారికి వేరే పుస్తకం వాడమన్నా కోపం వస్తోంది.

హాలు తాళం ఇస్తామన్న అధికారి ఆ ఉదయం ఫోను ఎత్తలేదు. గంటన్నర అందరూ చెట్టు కింద నిలబడ్డారు. నల్లబల్ల మోసుకొచ్చిన ఉపాధ్యాయుడికి, మంచినీళ్ళు పట్టించిన మహిళా సభ్యులకు, ఫ్యాను బాగుచేసిన ఎలక్ట్రీషియన్‌కు (పాపం, దాని చప్పుడు మాత్రం పోలేదు), బ్యానరు అప్పుగా కొట్టిచ్చిన ముద్రాపకులకు, చివరిదాకా కుర్చీలు మోసిన ఇద్దరు విద్యార్థులకు కృతజ్ఞతలు. వాలంటీర్ల జాబితాలో పద్నాలుగు పేర్లున్నాయి, ఈ ఇద్దరివీ అందులో లేవు.

జమాఖర్చులు కోశాధికారి గారు చదువుతారు. వచ్చినదంతా ఖర్చయింది, టెంటు బాకీ మిగిలింది, ఒక రసీదు వెతుకుతున్నాం.

ఆ నల్లబల్ల ఇంకా కార్యాలయంలోనే ఉంది. సున్నా చుట్టిన బంటును ఎవరూ తుడవలేదు. చదరంగం పెట్టె పట్టుకెళ్ళినవారు దయచేసి తిరిగి ఇవ్వండి.

— కార్యదర్శి