తెలుగు కీబోర్డులో పొల్లు కీ లోపం, అచ్చు తప్పులు: ఫిర్యాదు

కడప

గ్రీవెన్స్ అధికారి గారికి,
కస్టమర్ సేవా విభాగం.

విషయం: లోపాలున్న మీ ద్విభాషా మెకానికల్ కీబోర్డుకు బదులుగా సరైన కీబోర్డు ఇవ్వడం లేదా పూర్తి సొమ్ము వాపసు చేయడం గురించి.

ఆర్యా,

కడపలో ఏడు రోడ్ల కూడలికి దగ్గరలో నేను చిన్న డి.టి.పి. కేంద్రం నడుపుతున్నాను. సోమవారం కలెక్టరేటులో ఇచ్చే అర్జీలు, అద్దె ఒప్పందాలు, కోర్టు అఫిడవిట్లు టైపు చేసి ఇవ్వడం, టైపింగు నేర్చుకోవడానికి వచ్చే పిల్లలకు నేర్పడం నా జీవనాధారం. ఇందుకోసమే, కీల మీద తెలుగు అక్షరాలు కూడా అచ్చువేసిన మీ మెకానికల్ కీబోర్డును మీ సొంత వెబ్‌సైటులో కొన్నాను. వారంటీ గడువు ఇంకా ముగియలేదు. కీబోర్డులో ఉన్న లోపం ఒక ఎత్తు కాగా, ఆ లోపం లేనే లేదని మీ సర్వీస్ సెంటరు రాసిచ్చిన తీరు మరొక ఎత్తు కావడం వల్ల ఈ లేఖ రాయవలసి వచ్చింది.

ముఖ్యమైనది డి కీ సంగతి. ఒకసారి నొక్కితే కొన్నిసార్లు రెండుసార్లు నొక్కినట్టు పడుతోంది. ఇంగ్లీషులో డి అనేది ఇరవై ఆరు అక్షరాల్లో ఒకటి మాత్రమే. భారతీయ భాషలకు ప్రామాణికమైన ఇన్‌స్క్రిప్ట్ కీల అమరికలో పొల్లు (్) ఉండేది ఈ కీ మీదే. రెండు హల్లుల మధ్య పొల్లు నొక్కితేనే రెండోది ఒత్తుగా మారుతుంది కాబట్టి, తెలుగులో దాదాపు ఏ ఒత్తు రావాలన్నా దీన్ని నొక్కక తప్పదు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, ఎర్రగుంట్ల, ముద్దనూరు, సిద్ధవటం, ఒంటిమిట్ట: నా దగ్గరికి వచ్చే అర్జీల్లో సగం ఈ ఊళ్ళవే. ప్రొద్దుటూరు అని రాయడానికి 12 కీలు నొక్కాలి, అందులో రెండుసార్లు డి కీ వస్తుంది. అక్కడ పొల్లు అదనంగా పడిందంటే, ద్ద రావలసిన చోట పొల్లుతో ఒక ద, దాని పక్కన చుక్కలతో గీసిన ఒక గుండ్రం కనబడి, ఒత్తు చెదిరిపోతుంది. కడప పేరులో ఒత్తు లేదు గనుక ఆ ఒక్క మాట మాత్రం ఇంతవరకు తప్పు పడలేదు.

దీన్ని మీ అధీకృత సర్వీస్ సెంటరుకు తీసుకువెళ్ళినప్పుడు అక్కడి టెక్నీషియన్ నోట్‌ప్యాడ్ తెరిచి, ఇంగ్లీషులో ఏ నుంచి జెడ్ వరకు ఒక్కొక్క కీని నిదానంగా ఒక్కొక్కసారి నొక్కి, అన్నీ సరిగానే పడుతున్నాయని, తెలుగులో వచ్చే ఇబ్బంది విండోస్‌దని, దాన్ని మళ్ళీ ఇన్‌స్టాల్ చేసుకోవాలని చెప్పి, జాబ్ షీటు మీద "లోపం లేదు" అని రాసి పంపించారు. కీబోర్డులు తయారుచేసే కంపెనీ తరఫున ఇచ్చే సమాధానం ఇది కాదు. కీబోర్డు కంప్యూటరుకు పంపేది ఏ కీ నొక్కారన్న సంకేతమే తప్ప అక్షరాన్ని కాదు. ఆ కీకి డి వేయాలా, పొల్లు వేయాలా అన్నది కంప్యూటరులో ఎంచుకున్న భాషా అమరికను బట్టి విండోస్ తేల్చుకుంటుంది. అంటే మీ కీబోర్డుకు తెలుగూ తెలియదు, ఇంగ్లీషూ తెలియదు. ఇదే కీబోర్డును వేరే కంప్యూటరుకు తగిలించినా పొల్లు రెండుసార్లు పడుతోంది. నా కంప్యూటరుకు వేరే కీబోర్డు తగిలిస్తే ఒక్కసారి కూడా అలా జంటగా పడటం లేదు. భాషను ఇంగ్లీషుకు మార్చి మామూలు వేగంతో టైపు చేసినా డి జంటగా పడుతోంది. వీటి వీడియోలు ఈ లేఖకు జతపరిచాను.

స్విచ్‌లోని లోహపు పలకలు కలిసేటప్పుడు క్షణకాలం అదిరి, అతుక్కుని విడిపోయి మళ్ళీ అతుక్కుంటాయన్నది మీకు కొత్త విషయం కాదు. ఆ అదురును లెక్కలోకి తీసుకోకుండా కీబోర్డులోని చిప్ కొన్ని మిల్లీసెకన్లు ఆగి చూడాలి. స్విచ్ పాడైనా, ఆ ఆగే సమయం చాలకపోయినా ఒక్క నొక్కు రెండుగా నమోదవుతుంది. ఒక్కో కీ అయిదు కోట్ల నొక్కుల వరకు పనిచేస్తుందని మీ పెట్టె మీదే రాసి ఉండగా, ఇంత త్వరగా ఈ స్థితి రావడానికి కారణం ఈ రెండింటిలో ఏదో మీరే తేల్చాలి.

మీ ఫోన్ సేవా కేంద్రం వారు విండోస్‌లోని ఫిల్టర్ కీస్ వాడమని మరో సలహా ఇచ్చారు. అది ఒకే కీని అర సెకను లోపు మళ్ళీ నొక్కితే లెక్కచేయదు. అలా చేస్తే మమత అన్న పేరులో ఒక మ ఎగిరిపోతుంది, అగ్రిమెంటు అని ఇంగ్లీషులో రాస్తే ఒక ఈ మాయమవుతుంది. మమతలో మ వెంట మ రావచ్చు గానీ, పొల్లు వెంట పొల్లు తెలుగులో ఏ మాటలోనూ రాదు. కాబట్టి తెలుగు అమరికలో ఒక్క పేజీ టైపు చేసి చూసినా ఈ లోపం దానంతట అదే బయటపడేది. తెలుగు కీబోర్డును తెలుగులో పరీక్షించి చూసే ఏర్పాటు మీ దగ్గర లేకపోవడమే నా అసలు ఫిర్యాదు.

కీల మీది అచ్చు కూడా ఆ మాటే చెబుతోంది. భారతీయ ప్రమాణాల సంస్థ 1991లో ప్రచురించిన ఐ.ఎస్. 13194 లోని ఇన్‌స్క్రిప్ట్ అమరిక ప్రకారం, విండోస్ తెలుగు కీబోర్డు ప్రకారం కూడా, ఎస్ కీ మీద ఏత్వం, జెడ్ కీ మీద ఎత్వం ఉండాలి. మీరు వాటిని తారుమారుగా అచ్చువేశారు. ఓత్వం, ఒత్వాల విషయంలోనూ ఇదే జరిగింది. కీలు చూడకుండా టైపు చేసే నాకు దీనితో పని లేదు. నేర్చుకునే పిల్లలు మాత్రం అచ్చును నమ్మి వేళ్ళు కదుపుతారు. మేడ మీద గది అద్దెకు ఇస్తున్నట్టు రాయవలసిన ఒప్పందంలో ఒక అమ్మాయి మెడ మీద గది అని టైపు చేసింది. ఇంటి యజమాని నవ్వి ఊరుకున్నారు, అదే స్టాంపు కాగితం మీద ప్రింటు తీసి ఉంటే ఆ ఖర్చు నాదే. పైగా ఇంగ్లీషు అక్షరాలు రెండు రంగుల ప్లాస్టిక్‌తో పోతపోసినవి కావడంతో చెక్కుచెదరలేదు. పైపైన రంగుతో అద్దిన తెలుగు అక్షరాలు అప్పుడే చెరిగిపోతున్నాయి.

వ్యాపారానికి కొన్నాను గనుక నేను వినియోగదారును కానని మీ ప్రతినిధి ఫోనులో అన్నారు. స్వయం ఉపాధితో జీవనోపాధి కోసం కొని, స్వయంగా వాడుకునే వస్తువు వాణిజ్య ప్రయోజనం కిందికి రాదని 2019 వినియోగదారుల రక్షణ చట్టంలోనే ఉంది. 2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఈ ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేసి, ఒక నెలలోగా పరిష్కరించవలసిన బాధ్యత మీది. అలా జరగని పక్షంలో, నేను నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేసే వీలు ఆ చట్టం నాకు కల్పించింది.

కనుక అచ్చు సరిచేసిన, తెలుగులో పరీక్షించిన కొత్త కీబోర్డును మీ ఖర్చుతో పంపించాలని, అది మీ వద్ద లేకపోతే కొన్న ధర మొత్తం నా ఖాతాకు వాపసు చేయాలని కోరుతున్నాను. "లోపం లేదు" అన్న జాబ్ షీటును రద్దుచేసినట్టు లిఖితపూర్వకంగా తెలియజేయాలి. ఇదే తప్పు అచ్చుతో ఇప్పటికీ మీ వెబ్‌సైటులో అమ్ముతున్న కీబోర్డుల విషయంలో ఏం చేయబోతున్నారో కూడా ఆ జవాబులోనే రాయగలరు. బిల్లు, జాబ్ షీటు నకళ్ళు, కీల ఫోటోలు జతపరిచాను.

ఇట్లు,
భవదీయురాలు,
డి.టి.పి. కేంద్రం నిర్వాహకురాలు,
కడప.