కాడిలాక్‌కు పేరు తెచ్చింది తోకలు కాదు, కొలతలు

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో అమెరికా కాడిలాక్ కార్ల మీద వచ్చిన వ్యాసం రెండుసార్లు చదివాను. ఫొటోలు చాలా బాగున్నాయి. విమానం తోకల్లా వెనక రెక్కలు లేచిన 1959 మోడల్, 2015 రిపబ్లిక్ డేకి ఒబామా రాజ్‌పథ్‌లో దిగిన అమెరికా అధ్యక్షుడి కాడిలాక్ ‘బీస్ట్’ రెండూ మా మనవడికి చూపించాను. కానీ అందులో రెండు మాటలు నాకు మింగుడుపడలేదు. ఈ కంపెనీ హెన్రీ ఫోర్డ్ పెట్టినదని రాశారు. తారలూ పాటగాళ్లూ కొనబట్టే దీనికి అంత పేరు వచ్చిందని రాశారు. నేను 31 ఏళ్లు ఐటీఐలో ఫిట్టర్ ట్రేడ్ నేర్పినవాణ్ని. అంతకుముందు విజయవాడ ఆటోనగర్‌లో లేత్ మీద పనిచేశాను. మా పనివాళ్లకు తెలిసిన కాడిలాక్ కథ వేరే ఉంది. అది చెప్పకుండా ఊరుకోలేక రాస్తున్నాను.

1902లో డెట్రాయిట్‌లో పెట్టుబడి పెట్టినవాళ్లతో పొసగక ఫోర్డ్ తన పేరు మీద ఉన్న కంపెనీ నుంచే వెళ్లిపోయాడు. మిగిలిన మెషిన్లు అమ్మేద్దామని, వాటికి ధర కట్టమని వాళ్లు ఒక పెద్దాయనను పిలిపించారు. ఆయన హెన్రీ లీలాండ్. అప్పటికే 59 ఏళ్లు. స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధాల కర్మాగారంలో, తర్వాత బ్రౌన్ అండ్ షార్ప్‌లో పనిచేసి చేయి తిరిగినవాడు. కొలత పనిముట్లు చేసే బ్రౌన్ అండ్ షార్ప్ అంటే మైక్రోమీటర్ పట్టుకున్న ప్రతివాడికీ తెలిసిన పేరే. ఆయన వచ్చి అన్నీ చూసి, అమ్మొద్దన్నాడు. తన దగ్గర మంచి ఇంజన్ ఉంది, దాంతో కార్లు చేయమన్నాడు. 1701లో డెట్రాయిట్ పట్నానికి పునాది వేసిన ఫ్రెంచి దొర కాడిలాక్ పేరే ఆ కారుకి పెట్టారు. ఫోర్డ్ వదిలేసి వెళ్లిన షెడ్డులో లీలాండ్ నిలబెట్టిన కంపెనీ అది.

ఆయన ఏం చేశాడో అర్థం కావాలంటే మా ఆటోనగర్ సంగతి ఒకటి చెప్పాలి. నాకు 19 ఏళ్లప్పుడు మా షెడ్డుకి లారీ కింగ్‌పిన్ బుష్‌లు, అంటే ముందు చక్రం తిరిగే ఇరుసు చీల చుట్టూ వేసే గొట్టాలు, ఒక పెట్టెడు వచ్చాయి. పెట్టె మీద ఒకే సైజు రాసి ఉంది. లోపల ఒకటి వదులు, ఒకటి బిగువు, ఇంకోటి అసలు ఎక్కదు. మూడు రోజులు నేనూ ఇంకో కుర్రాడూ ఆకురాయి, ఎమెరీ కాగితం పట్టుకుని ఒక్కొక్కటీ గీకి గీకి సరిపెట్టాం. వేళ్లు బొబ్బలెక్కాయి. బిగించిన లారీల్లో ఒకటి నెల తిరక్కుండానే మళ్లీ వచ్చింది. డ్రైవర్ మా మేస్త్రీని నానా మాటలూ అన్నాడు. తప్పు బుష్ చేసినవాడిది, మాట పడింది మేము. 1900ల మొదట్లో కార్లన్నీ దాదాపు అలాగే తయారయ్యేవి. ఫిట్టరు ఆకురాయితో గీకి బిగించిన భాగం ఆ ఒక్క కారుకే పనికొచ్చేది, పక్క కారుకి ఎక్కేది కాదు.

లీలాండ్ అది ఒప్పుకోలేదు. స్వీడన్‌లో జొహాన్సన్ తయారుచేసిన గేజ్ దిమ్మెల (కొలతలు సరిచూసే ఉక్కు దిమ్మెల) సెట్టు అమెరికాకి మొదటగా తెప్పించుకున్నది కాడిలాక్ ఫ్యాక్టరీకే. 1908లో ఇంగ్లండ్‌లోని బ్రూక్‌లాండ్స్ రేసు ట్రాక్ దగ్గర రాయల్ ఆటోమొబైల్ క్లబ్ వాళ్లు పరీక్ష పెట్టారు. మూడు కాడిలాక్ కార్లు పూర్తిగా విప్పేశారు. ఒక్కో కారుకి 721 భాగాలు. అన్నీ కలిపి గుట్ట పోశారు. అందులోంచి 89 భాగాలు తీసి పక్కన పడేసి, వాటి బదులు డీలరు దగ్గర అమ్మకానికి ఉన్న మామూలు విడిభాగాలు వేయమన్నారు. స్పానర్లు, స్క్రూడ్రైవర్లతో మళ్లీ మూడు కార్లూ బిగించారు. ఆకురాయి ముట్టుకోలేదు. తర్వాత ఒక్కోటి 500 మైళ్లు పరుగెత్తించారు. అంటే మన లెక్కలో 800 కిలోమీటర్లు. మూడూ పరుగెత్తాయి. దానికే డ్యూయర్ ట్రోఫీ ఇచ్చారు. ‘ప్రపంచానికి ప్రమాణం’ అని కాడిలాక్ చెప్పుకున్న మాట వెనక ఉన్నది ఈ పరీక్షే. ఒక కంపెనీ పేరు వెంట్రుకవాసి తేడా లేని కొలత మీద నిలబడిందంటే, సంపాదకులు గారూ, నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

ఇంకో సంగతి. మా నాన్న కుర్రతనంలో లారీ క్లీనరు. ముందు హ్యాండిల్ పెట్టి తిప్పి బండి స్టార్ట్ చేసేవాడు. ఒకసారి అది తిరగబడి కొట్టి కుడి మణికట్టు విరిగింది. ఆ చెయ్యి చివరిదాకా వంకరగానే ఉండేది, అన్నం కలుపుకునేటప్పుడు తెలిసేది. లీలాండ్ స్నేహితుడు బైరన్ కార్టర్ అలాంటి దెబ్బతోనే పోయాడని, దానికి ఆయన బాగా కదిలిపోయాడని చెబుతారు. చార్లెస్ కెటరింగ్ తయారుచేసిన ఎలక్ట్రిక్ సెల్ఫ్ స్టార్టరు 1912 మోడల్ కాడిలాక్‌లోనే మొదట వచ్చింది. ఈ రోజు ఆడపిల్లలూ ముసలివాళ్లూ బటన్ నొక్కి కారు తీస్తున్నారంటే దాని మూలం అక్కడుంది. మా నాన్న చెయ్యి గుర్తొచ్చినప్పుడల్లా ఆ 1912 అంకె కూడా గుర్తొస్తుంది.

1909లోనే జనరల్ మోటార్స్ ఈ కంపెనీని కొనేసింది. 1917లో లీలాండ్ బయటికొచ్చి లింకన్ కంపెనీ పెట్టాడు. తాను మొదటిసారి ఓటు వేసిన అధ్యక్షుడి పేరు అది. అమెరికాలో ఈ రెండు ఖరీదైన కార్లూ ఒక్క పనివాడి చేతి నుంచే వచ్చాయి.

కొన్నేళ్ల కిందట మిషిగన్‌లో మా అమ్మాయి దగ్గర నాలుగు నెలలున్నాను. నా పోరు పడలేక అల్లుడు ఒక శనివారం హికరీ కార్నర్స్‌లోని గిల్మోర్ మ్యూజియానికి తీసుకెళ్లాడు. పాత కాడిలాక్‌లకు అక్కడ విడిగా ఒక భవనమే ఉంది. మొదటి రోజుల కారు ముందు మోకాళ్ల మీద కూర్చుని చూశాను. సీటు కింద ఒకే సిలిండర్ ఇంజన్, కారు పక్క నుంచి పెట్టి తిప్పే హ్యాండిల్. ఇంకో వరసలో రెక్కలు అప్పుడే మొలిచిన 1948 మోడల్. అక్కడ చూపించే పెద్దాయన ఎడమవైపు వెనక లైటుని వేలితో నొక్కి పైకి లేపాడు. కింద పెట్రోలు మూత! లైటుని మళ్లీ దించితే టక్‌మని కూర్చుంది. అంచు మీద గోరు పెట్టి చూశాను, ఎక్కడా సందు తగల్లేదు. మా అమ్మాయి ‘‘నాన్నా, ముట్టుకోవద్దంటారు’’ అని కంగారుపడింది. పెద్దాయన నా చేతులు చూసి, ఏమీ అనలేదు.

మీ వ్యాసంలో లేని ఇంకో విషయం ఈ రెక్కలకన్నా చాలా పెద్దది. 1930ల మొదట్లో అమెరికాలో మాంద్యం. కాడిలాక్ మూతపడేలా ఉంది. అప్పుడు కూడా నల్లవాళ్లకు కారు అమ్మకూడదన్నదే కంపెనీ పద్ధతి. సర్వీసు విభాగం చూసే నికొలస్ డ్రేస్టాట్ గమనించిందేమిటంటే, సర్వీసుకి వచ్చే బళ్ల యజమానుల్లో నల్లజాతి డాక్టర్లు, బాక్సర్లు, పాటగాళ్లు ఉన్నారు. ఒక తెల్లవాడికి డబ్బులిచ్చి వాడి చేత కొనిపించుకుంటున్నారు. ఆయన పైవాళ్ల దగ్గరికి వెళ్లి నేరుగా అమ్ముదామని ఒప్పించాడు. కంపెనీ గట్టెక్కడానికి అది కూడా ఒక కారణమైంది. 1949లో నల్లజాతి పత్రిక ఎబొనీ, మనవాళ్లు కాడిలాక్ ఎందుకు కొంటారు అని ఏకంగా సంపాదకీయమే రాసింది. నచ్చిన పేటలో ఇల్లు అద్దెకివ్వరు, హోటల్లో గది ఇవ్వరు, డబ్బున్నా మర్యాద దొరకదు. అలాంటివాడికి ఆ కారు ఏమై ఉంటుందో, మాలపల్లె మనిషి చెప్పులు చేత్తో పట్టుకుని ఊళ్లో వీధి దాటాల్సి వచ్చిన రోజులు విన్న మనకు వేరే చెప్పక్కర్లేదు. దాన్ని ‘పాటగాళ్ల మోజు’ అని ఒక్క ముక్కలో తేల్చేయడం నాకు బాధనిపించింది.

ఇక పేరు పోయిన సంగతి. 1978లో దాదాపు 3,50,000 కాడిలాక్‌లు అమ్ముడయ్యాయి. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయన్నట్టు, తరుగు మొదలైంది కూడా అప్పుడే. పెట్రోలు ధరలు పెరిగాయని జనరల్ మోటార్స్‌దే ఇంకో కంపెనీ ఓల్డ్స్‌మొబైల్ చేసిన డీజిల్ ఇంజన్ తెచ్చి పెట్టారు. డీజిల్‌లో కంప్రెషన్, అంటే సిలిండర్ లోపలి ఒత్తిడి, ఎంత ఎక్కువో లారీ మెకానిక్ దగ్గర పనిచేసే కుర్రాణ్ని అడిగినా చెబుతాడు. అయినా సిలిండర్ హెడ్ బోల్టుల అమరిక పెట్రోలు ఇంజన్‌దే ఉంచారు. హెడ్ గ్యాస్కెట్లు పోయాయి, బోల్టులు తెగాయి. డీజిల్‌లో కలిసిన నీటిని వేరుచేసే ఏర్పాటు కూడా పెట్టలేదు. 1981లో అవసరాన్ని బట్టి ఎనిమిది సిలిండర్లలో రెండో నాలుగో ఆగిపోయే ఇంజన్ తెచ్చారు. ఆలోచన మంచిదే, కానీ అప్పటి కంప్యూటర్ దాన్ని మోయలేకపోయింది. మరుసటి ఏడే చాలా మోడళ్లలో తీసేశారు. 1982లో జనరల్ మోటార్స్ చవక కారు షెవర్లే కవలియర్‌కే తోలు సీట్లు వేసి, కాడిలాక్ బిళ్ల తగిలించి, సిమరాన్ అని చాలా ఎక్కువ ధరకు అమ్మారు. పేరు గొప్ప ఊరు దిబ్బ అంటే అదే. 1988లో ఆపేశారు. మరుసటేడే జపాన్ నుంచి లెక్సస్ దిగింది.

నన్ను అన్నిటికన్నా ఎక్కువ కలచింది 1998 సంగతి. ఆ ఏడాది అమ్మకాల్లో కొద్ది తేడాతో లింకన్ మీద గెలిచామని కాడిలాక్ ప్రకటించింది. 1999 మే నెలలో లెక్క తప్పని ఒప్పుకుని క్షమాపణ చెప్పింది. డిసెంబర్ అమ్మకాల్లో 4,773 కార్లు ఎక్కువ రాసుకున్నారు. గెలిచింది లింకనే. కొలత కోసం స్వీడన్ నుంచి దిమ్మెలు తెప్పించినవాడి కంపెనీ, అమ్మిన కార్లనే సరిగ్గా లెక్కపెట్టలేదు.

తర్వాత ఎస్కలేడ్ అనే పెద్ద ఎస్‌యూవీ వచ్చి పాటగాళ్ల వల్ల మళ్లీ మోత మోగింది. అంతవరకు మీ వ్యాసం నిజమే. కానీ నాకు ఆశ కలిగించింది 2002లో మొదలైన సీటీఎస్ అనే కారు. దాని వీ అనే వేగం ఎక్కువ మోడల్ 2008లో జర్మనీలోని నూర్‌బర్గ్‌రింగ్ రేసు ట్రాక్‌లో ఎనిమిది నిమిషాల లోపే ఒక చుట్టు తిరిగింది. 2017 నుంచి కొన్నేళ్లు కాడిలాక్‌లు చైనాలో అమెరికాకన్నా ఎక్కువ అమ్ముడయ్యాయి. ఇప్పుడు ఎలక్ట్రిక్ కార్లు చేస్తున్నారు. సెలెస్టిక్ అనే కారు, ధర 3,00,000 డాలర్ల పైమాటే, వారెన్‌లోని జనరల్ మోటార్స్ టెక్నికల్ సెంటర్‌లో చేత్తో బిగిస్తున్నారు. అది మా అమ్మాయి ఇంటికి అరగంట దూరం. అక్కడ పనిచేసే ఇంజనీర్లలో మన తెలుగు పిల్లలూ ఉన్నారు. వాళ్లలో ఒకరు ఇంటికొస్తే ధర అడగలేదు, తలుపు సందు ఎంత ఉంచుతారని అడిగాను.

బ్రూక్‌లాండ్స్ పరీక్ష గురించి మొదట చదివింది 1986లో, మా ప్రిన్సిపాల్ గారిచ్చిన పుస్తకంలో. ఆ ఏడాది మా బ్యాచ్ 20 మంది పిల్లల చేత ఎంఎస్ ఫ్లాట్ (ఉక్కు పట్టీ)తో మేల్ ఫిమేల్ ఫిట్టింగ్, అంటే ఒక ముక్క ఇంకో ముక్క గాడిలో సరిగ్గా దిగే జత, చేయించాను. పేర్లు పంచ్ కొట్టనివ్వకుండా అన్నీ ట్రేలో పోసి కలిపాను. ఏ మేల్ ఏ ఫిమేల్‌లోనైనా దిగాలన్నాను. మొదటిసారి మూడు జతలే దిగాయి. రిటైరైన ఏడాది పద్నాలుగు దిగాయి. ఆ రోజు పిల్లల అరుపులకి పక్క ట్రేడ్ వాళ్లు పరుగెత్తుకొచ్చారు.

వచ్చే ఆదివారం ఫోర్డ్ అన్నచోట లీలాండ్ అని సవరణ వేయండి. చోటుంటే ఆ 721 భాగాల కథ కూడా వేయండి. మా ఐటీఐ నోటీసు బోర్డుకి కత్తిరించి పెడతాను.

ఇట్లు,
రిటైర్డ్ ఫిట్టర్ ఇన్‌స్ట్రక్టర్,
పటమట, విజయవాడ.